పోత ఇనుము గడ్డకట్టు వేళ

పోత ఇనుప వస్తువు విరిగినప్పుడు, దానిని పాత ఇనుము వానికి వేయకముందు, విరిగినచోటును ఒకసారి పరిశీలించి చూడుడు. అది కుట్టుమిషను అడుగు దిమ్మ కావచ్చును. దోసెల పెనము కావచ్చును. పాత చేతిపంపు పిడి కావచ్చును. విరిగినచోటు బూడిదరంగుగా నుండి, వ్రేలితో రాచినప్పుడు పెన్సిలు మసివంటి నలుపు అంటినచో అది ఒక జాతి. అట్లుగాక వెండివలె తెల్లగా, సన్నని సూదులు పేర్చినట్లు మెరయుచుండినచో అది వేరొక జాతి. మొదటిదానిని ఆకురాయి సులభముగా అరగదీయును. రెండవదానిపై ఆకురాయి జారిపోవును, అరగునది ఆకురాయియే.

ఇవి రెండును వేరువేరు గనులనుండి వచ్చిన ఇనుములని తోచును. కాని ఒకే కొలిమినుండి ఒకే గరిటెతో ఒకే నిమిషమున పోసిన ఇనుము కూడ ఇట్లు రెండు విధములుగా తయారు కావచ్చును. ఇంకను చిత్రమేమనగా, ఒకే వస్తువులో పలుచని అంచు తెల్లగాను, మందమైన నడిమిభాగము బూడిదగాను ఉండుట పోతపనివారికి నిత్యానుభవము. లేతు యంత్రముపై నడిమిభాగమును వెన్నవలె తరుగుచు వచ్చిన పనిముట్టు అంచు తగులగానే మొన విరిగి ఎగిరిపడును. పనిముట్టు ఖరీదు ఒక నష్టము; యంత్రము ఎదుట నిలుచున్న మనిషి కంటికి కలుగు అపాయము అంతకుమించిన నష్టము. దీనికంతకు కారణము ఇనుము ద్రవరూపమునుండి ఘనరూపము పొందు ఆ కొలది నిమిషములలోనే ఉన్నది. ఆ నిమిషములను నడపునవి ఇనుములో కలిసియున్న ఇతర ధాతువులు. వానిలో కొన్నిటి పాలు నూటికి మూడో నాలుగో కాగా, కొన్నిటిది వేయింటికి ఒకటికూడ కాదు.

పోత ఇనుమును మనవారు బీడు అనికూడ అందురు. ఇది శుద్ధమైన ఇనుము కాదు. దీనిలో నూటికి 2 పాళ్లకు మించి, సాధారణముగా 3 మొదలు 4 వరకు, కర్బనము ఉండును. సిలికాన్ 1 మొదలు 3 వరకు ఉండును. మాంగనీసు, గంధకము, భాస్వరము కొలదికొలదిగా ఉండును. కర్బనము ఇనుమునకు చేయు మొదటి ఉపకారము దానిని త్వరగా కరగించుట. శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల సెంటిగ్రేడు వద్దగాని కరగదు. నూటికి 4.3 పాళ్లు కర్బనము కలిసినచో 1150 డిగ్రీల దరిదాపులవరకు ద్రవముగనే నిలుచును. ఐస్‌క్రీము చేయువారు మంచుగడ్డలపై ఉప్పు చల్లుట మీరు చూచియుందురు. ఉప్పు నీటి గడ్డకట్టు మెట్టును క్రిందికి దించినట్లే కర్బనము ఇనుము యొక్క మెట్టును క్రిందికి దించును. ఈ సౌలభ్యమే లేకున్న, చిన్న ఊరిలో ఒక కోకుబొగ్గు కొలిమి పెట్టుకొని పంపులు, పెనములు, చక్రములు పోయుట సాధ్యమయ్యెడిది కాదు.

అయితే ఆ కర్బనము తరువాత ఏమగును? ప్రశ్న అంతయు ఇక్కడనే ఉన్నది. కరగిన ఇనుములో కర్బనము నీటిలో పంచదారవలె కరగియుండును. గట్టిపడిన ఇనుము తనలో నూటికి 2 పాళ్లకు మించి కర్బనమును ఇముడ్చుకొనలేదు. మిగిలిన దానికి రెండే దారులు. కర్బన పరమాణువులు ఒకచోట చేరి గ్రాఫైటు రేకులుగా ఏర్పడుట మొదటిది. మన పెన్సిలులో ఉండు పదార్థమే గ్రాఫైటు. బూడిదరంగునకు, మెత్తదనమునకు, మసికి అదియే కారణము. కర్బనము విడిగా చేరక, ఒక్కొక్క పరమాణువు మూడేసి ఇనుప పరమాణువులతో సంయోగమొంది సిమెంటైటు అను గాజువంటి కఠినపదార్థముగా మారుట రెండవది. ఈ పేరునకు గోడలు కట్టు సిమెంటుతో సంబంధము లేదు. తెల్లని ఇనుము దీనివలన తెల్లనైనది.

ఈ రెండు దారులను రెండు వాకిళ్లుగా భావింపవచ్చును. ఇనుము, కర్బనము తప్ప వేరేమియు లేని మిశ్రమములో గ్రాఫైటు వాకిలి 1153 డిగ్రీల వద్ద తెరుచుకొనును. సిమెంటైటు వాకిలి 1147 డిగ్రీల వద్ద తెరుచుకొనును. నడుమ అంతరము 6 డిగ్రీలు మాత్రమే. ద్రవము పైనుండి చల్లబడుచు దిగివచ్చునప్పుడు మొదట చేరునది గ్రాఫైటు వాకిలియే. కాని అక్కడ పని తొందరగా తెమలదు. కర్బన పరమాణువులు ఇనుము నడుమనుండి నడచివచ్చి ఒకచోట గుమిగూడవలెను; అందుకు కొంత వ్యవధి కావలెను. అచ్చు వేడిని త్వరగా లాగివేయుచున్నచో, ఆ వ్యవధి చాలక ద్రవము 6 డిగ్రీలు జారి రెండవ వాకిలిలో పడును. సిమెంటైటునకు అంత నడక అక్కరలేదు. కర్బనము ఉన్నచోటనే దాదాపు చేతికందిన ఇనుముతో జతకట్టును. పలుచని అంచు తెల్లబడుటయు, మందమైన నడుము బూడిదగా మిగులుటయు ఇందువలననే.

ఈ తెలుపును కోరి తెచ్చుకొన్నవారును కలరు. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పట్టణమునకు చెందిన రాబర్ట్ రాన్సమ్ 1803లో నాగలి కర్రుకు ఒక పేటెంటు పొందెను. కరగిన ఇనుము చల్లని లోహముపై చింది తెల్లగా గట్టిపడుట చూచి ఆయనకు ఆ ఆలోచన కలిగినదని చెప్పుదురు. కర్రు అడుగువైపు ఇసుకకు బదులు చల్లని ఇనుప దిమ్మ ఉండునట్లు అచ్చును అమర్చెను. అడుగు తెల్లగా కఠినమై, పైభాగము బూడిదగా మెత్తగా ఉండెను. దుక్కిలో మెత్తని పైభాగము ముందుగా అరిగి, కఠినమైన అడుగు అంచు ఎప్పటికప్పుడు కత్తివలె మిగులుచుండెను. కమ్మరికొలిమికి మాటిమాటికి మోయనక్కరలేకయే కర్రు తనంత తాను పదునుపెట్టుకొనుచుండెను.

ఆ 6 డిగ్రీల అంతరమును పెంచుటయో తగ్గించుటయో, ఇతర ధాతువులు చేయు పని ముఖ్యముగా ఇదియే. అన్నిటిలో మొదట చెప్పుకొనవలసినది సిలికాన్. ఇది గ్రాఫైటు వాకిలిని పైకెత్తి, సిమెంటైటు వాకిలిని క్రిందికి దించును. నూటికి 2 పాళ్లు సిలికాన్ ఉన్నచో ఆ అంతరము 30, 40 డిగ్రీలవరకు పెరుగును. ద్రవము పై వాకిలి దాటి చాలదూరము జారినగాని క్రింది వాకిలి రాదు. అంతలో గ్రాఫైటు ఏర్పడుటకు వ్యవధి దొరకును. ఇందులోని మర్మమేమనగా, సిమెంటైటు తన కట్టడములో సిలికానుకు చోటీయదు. అది పెరుగవలెనన్న తన దారిలోనున్న సిలికానును ప్రక్కకు నెట్టుకొనుచు పోవలెను. సిలికాన్ ఎక్కువైనకొలది ఈ నెట్టుడు కష్టమగును. గ్రాఫైటు ప్రక్కన ఏర్పడు గట్టి ఇనుములోనన్ననో సిలికాన్ సుఖముగా ఇముడును.

చైనాలో క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దమునాటికే ఇనుమును కరగించి పోయుచుండిరి. ఆ ఇనుములో సిలికాన్ చాల తక్కువ. అందుచేత వారి పోతలు తరచుగా తెల్లగా, పెళుసుగా వచ్చెడివి. వారు ఆ పనిముట్లను మరల దినములతరబడి కాల్చి, సిమెంటైటును విడగొట్టి మెత్తపరచు విద్యను కనిపెట్టిరి. యూరపులో ఇట్టి విద్యనుగూర్చి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రియోమూర్ 1722లో గ్రంథము ప్రకటించెను. గడ్డకట్టు వేళ తప్పిన పనిని తరువాత కొలిమిలో దిద్దుకొనుట అన్నమాట. దిద్దుబాటునకు బొగ్గు ఖర్చు ఎంతయో ఊహింపుడు!

సిలికాన్, భాస్వరములు కర్బనమునకు కొంతవరకు ప్రతినిధులుగా కూడ పనిచేయును. అందుచేత పోతశాలలలో కర్బన తుల్యాంకము అను ఒక లెక్క వాడుకలో ఉన్నది. సిలికాన్, భాస్వరముల పాళ్లను కూడి, మూడవవంతు తీసి, కర్బనమునకు కలుపుదురు. కర్బనము 3.3, సిలికాన్ 2.1, భాస్వరము 0.3 అయినచో తుల్యాంకము 4.1 అగును. ఇది 4.3 అయినచో ఇనుమంతయు ఇంచుమించు ఒకే మెట్టులో గట్టిపడును. అంతకు తక్కువైనచో, మొదట ఇనుము చెట్టుకొమ్మలవలె ద్రవమునందు అల్లుకొని, ఆ కొమ్మల సందులలో మిగిలిన ద్రవము చివరకు గట్టిపడును. పెనమువంటి పలుచని వస్తువులకు తుల్యాంకము హెచ్చుగా ఉంచవలెను. నాలుగైదు మిల్లీమీటర్ల మందము అచ్చులో నిమిషములు కాదు, క్షణములలో గట్టిపడిపోవును. వేడిపెనముపై చన్నీళ్లు చల్లగానే టప్పున పగిలినదని గృహిణులు నీటిని నిందింతురు. నీటి దోషము లేకపోలేదు. కాని సిలికాన్ చాలని ఇనుముతో పోసిన పెనములో దాగియున్న తెల్లదనముకూడ అందుకు తోడై యుండవచ్చును.

గ్రాఫైటు వలన ఇంకొక లాభము కలదు. లోహములు సామాన్యముగా గట్టిపడునప్పుడు కుదించుకొనిపోవును. ఆ లోటు పూడ్చుటకు అచ్చుపై అదనముగా ద్రవమును నిలువ ఉంచవలెను. లేనిచో లోపల గుల్లలు ఏర్పడును. గ్రాఫైటు చాల తేలికయైన పదార్థము. సమానమైన పరిమాణమునకు ఇనుము తూగుదానిలో మూడవవంతుకంటె తక్కువ తూగును. అది పుట్టునప్పుడు ఎక్కువ చోటు ఆక్రమించును గనుక, ఇనుము కుదించుకొనుటవలన కలుగు లోటు చాలవరకు తీరును. తెల్లని ఇనుమునకు ఈ భాగ్యము లేదు. అయితే ఈ వ్యాకోచమును అచ్చు ఓర్చుకొనవలెను. ఇసుకను సరిగా దట్టించని అచ్చు గోడలు వెనుకకు జరిగిపోవును; అప్పుడు లోటు తీరకపోగా గుల్ల అధికమగును. అచ్చు ఇసుక దట్టించువాని భుజబలముకూడ ఈ శాస్త్రములో ఒక భాగమే!

భాస్వరమునుగూర్చి మంచిమాటలు, చెడ్డమాటలు రెండును చెప్పవలెను. ఇది కలిసిన ఇనుము నీటివలె పల్చగా పారి, అచ్చులోని సన్నని తీగలను, పూవులను, లతలను నిండుగా పట్టుకొనును. అందుచేత పాతకాలపు మేడల వరండా కటకటాలకు, మెట్ల ప్రక్క పిట్టగోడ జాలరులకు భాస్వరము హెచ్చుగానున్న ఇనుము అనుకూలించెడిది. కాని ఇనుములోని భాస్వరము అన్నిటికంటె చివర, 950 డిగ్రీల దరిదాపులలో, గట్టిపడు ఒక పెళుసు పదార్థములో చేరును. ఇనుప గింజల నడుమనున్న సందులలో అది వలవలె పరచుకొనును. అలంకారమునకు అడ్డులేదు, దెబ్బతగులు యంత్రభాగమునకు మాత్రము అది కీడు.

గంధకము కోకుబొగ్గునుండి ఇనుములోనికి ప్రవేశించును. స్వేచ్ఛగా విడిచినచో ఇది గ్రాఫైటునకు శత్రువు. ఇనుమును తెలుపువైపు త్రోయును. దీనికి విరుగుడు మాంగనీసు. మాంగనీసు గంధకమును పట్టుకొని మాంగనీసు సల్ఫైడు అను చిన్నచిన్న కణములుగా మార్చివేయును. గంధకమునకు 1.7 రెట్లు, దానిపైన మరి 0.3 మాంగనీసు ఉండవలెనని పోతశాలలలో వాడుక సూత్రము. గంధకము 0.1 ఉన్నచో మాంగనీసు 0.47 కావలెను. ఇంకను వేసినచో మరి మంచిదికదా యని తలంపరాదు. గంధకముతో పోరు ముగిసిన తరువాత మిగిలిన మాంగనీసు తానే సిమెంటైటు పక్షము చేరును.

ఇంతవరకు గంధకము దుష్టుడనియే తోచును. కాని కోకు కొలిమిని వదలి విద్యుత్ కొలిమిని పెట్టుకొన్న పోతశాలలకు ఒక వింత అనుభవము కలిగినది. విద్యుత్ కొలిమిలో బొగ్గు లేదు గనుక గంధకము బాగుగా తగ్గిపోయెను. ఇనుము శుభ్రమైనది గనుక పోతలు మేలుగా రావలెను. వచ్చినవా? లేదు, అంచులు తెల్లబడుట అధికమాయెను. కారణము వెదకగా, మాంగనీసు సల్ఫైడు కణములే గ్రాఫైటు రేకులు మొలకెత్తుటకు పాదులుగా ఉండెనని తేలినది. గంధకము నూటికి 0.05 పాళ్లకు తగ్గినచో ఆ పాదులు కొరవడును. ఇప్పుడు అట్టి పోతశాలలు కొన్ని శుభ్రమైన ఇనుములో గంధకమును కొనితెచ్చి కలుపుకొనుచున్నవి. ఏ ధాతువునుగాని మంచిది, చెడ్డది యని ముద్రవేయుటకు ముందు ఎంత, దేనితో అని అడుగవలసియుండును.

గ్రాఫైటు మొలకలను పెంచుటకు ఇంకొక ప్రసిద్ధమైన ఉపాయమున్నది. ఇనుమును కొలిమినుండి గరిటెలోనికి వంచునప్పుడు, టన్నుకు ఒకటి మొదలు ఐదు కిలోలవరకు, ఫెర్రోసిలికాన్ అను మిశ్రమలోహపు నలుసులను ధారలో చల్లుదురు. ఈ నలుసులలో సిలికానుతోపాటు కాల్షియము, అల్యూమినియము, బేరియము వంటివి కొంచెము కొంచెము ఉండును. ఆ సిలికానునే ముందుగా కొలిమిలో వేసి కరగించినచో అంతటి ఫలము కలుగదు. చివరి ఘడియలో వేయవలెను. పాలు కాచునప్పుడే తోడు వేసినచో పెరుగు తోడుకొనదు. తగిన వెచ్చదనమునకు దిగిన తరువాత వేయవలెను. పోలిక పూర్తిగా సరిపోదు. పాలలోని తోడు సజీవము, ఎంతసేపైనను వృద్ధిపొందుచునే యుండును. ఇనుములోని తోడు నిర్జీవము. పది పదిహేను నిమిషములలో దాని ప్రభావము క్షీణించును. గరిటె పట్టుకొని ముచ్చటలాడుచు నిలిచినచో మొదటి అచ్చులోని వస్తువు బూడిదగాను, చివరి అచ్చులోని వస్తువు తెల్లగాను వచ్చును. ఇనుములోని ధాతువుల పాళ్లు రెండింటిలోను ఒక్కటే! రసాయన పరీక్షచేసి చూచినవానికి భేదము కానరాదు.

ఇక సిమెంటైటు పక్షపువారు. వీరిలో క్రోమియము ముఖ్యుడు. వెనేడియము వంటివి అతని వెంబడి వచ్చును. సిలికాన్ చేసినదానికి సరిగా ఎదురుపని క్రోమియము చేయును. అది గ్రాఫైటు వాకిలిని దించి, సిమెంటైటు వాకిలిని ఎత్తి, రెంటిని దగ్గరకు చేర్చును. సిమెంటైటులో అది ఇనుమునకు బదులు ఇముడగలదు గనుక నెట్టుడు లేదు, స్వాగతమే. నికెలు, రాగి గ్రాఫైటు పక్షమువే గాని, సిలికానువలె గట్టివి కావు. మెత్తదనము చెడకుండ ఇనుమునకు బలము కూర్చుటకు ఇవి పనికివచ్చును.

అరుగుదలకు ఓర్వవలసిన వస్తువులలో తెలుపునే కోరి తెచ్చుకొందురు. సిమెంటు కర్మాగారములలో రాతిని పిండిచేయు మరలోపలి తొడుగులు, గుండ్లు ఇట్టివి. నూటికి 4 పాళ్లు నికెలు, 2 పాళ్లు క్రోమియము గల తెల్లని ఇనుము ఒకటి ఈ పనికి చిరకాలముగా వాడుకలో ఉన్నది. ఇనుప గింజలను కఠినపరచుటకు నికెలు కావలెను. కాని నికెలు గ్రాఫైటును తెచ్చిపెట్టునేమోయని, దానిని అదుపులో నుంచుటకు క్రోమియమును కాపలా పెట్టిరి. క్రోమియమును 15 మొదలు 28 పాళ్లవరకు పెంచినచో వేరొక మార్పు కలుగును. సిమెంటైటుకు బదులు క్రోమియము ప్రధానముగాగల మరియొక కార్బైడు కడ్డీలవంటి రూపములో పుట్టును. సిమెంటైటు గోడవలె ఏకముగా అల్లుకొనును. పగులు ఒకచోట మొదలైనచో ఆ గోడ పొడుగున పరుగెత్తును. కడ్డీలు విడివిడిగా ఉండును గనుక, వాని నడుమనున్న ఇనుము పగులును అడ్డగించును. గట్టితనము పెరిగెను, పెళుసుదనము తగ్గెను.

పెద్ద వస్తువులలో, అనగా గంటలతరబడి గట్టిపడు బరువైన చక్రములు, యంత్రపు పీఠములు మొదలగువానిలో ఒక చిక్కు వచ్చును. మందము ఎక్కువ గనుక అక్కడ తెలుపు రాదని అనుకొనుట సహజము. కాని ధాతువులు గట్టిపడు ఇనుములో సమముగా పంచుకొనబడవు. సిలికాన్, నికెలు, రాగి ముందుగా గట్టిపడు ఇనుములో చేరిపోవును. మాంగనీసు, క్రోమియము, భాస్వరము వెనుకకు నెట్టబడి, చివరకు మిగిలిన కొంచెము ద్రవములో పోగుపడును. సగటున 0.5 మాత్రమే ఉన్న మాంగనీసు ఆ మూలలో అంతకు ఎన్నో రెట్లు కావచ్చును. ఆ మూలలో సిలికాన్ రక్షణ లేదు, కార్బైడు బంధువులందరు ఉన్నారు. కనుక అన్నిటికంటె మెల్లగా చల్లబడిన చోటనే కార్బైడు గింజ ఏర్పడును. సన్నని అంచునకు భయపడువారు ఈ నడిమి శత్రువును మరచుట కలదు.

బూడిద ఇనుము మెత్తనిదే గాని సాగునది కాదు. దానిలోని గ్రాఫైటు రేకుల మొనలు కత్తిగాట్లవలె పనిచేయును. లాగినచో ఒక గాటునుండి మరియొక గాటునకు పగులు ప్రాకును. రేకులు గుండ్రని గింజలుగా మారినచో ఈ బాధ ఉండదని చిరకాలముగా తెలిసియుండెను. కాని గడ్డకట్టు వేళనే గుండ్రని గింజలను ఎట్లు పుట్టించుట? 1943లో అమెరికాలో కీత్ మిల్లిస్ అను లోహశాస్త్రజ్ఞుడు వేరొక పనిమీద నుండెను. యుద్ధము వలన క్రోమియము దొరకుట కష్టమైనది. తెల్లని ఇనుములో దానికి బదులు పనిచేయు ధాతువు ఏదియని పరీక్షించుచు, అనేక ధాతువులతోపాటు మెగ్నీషియమును ప్రయోగించెను. మెగ్నీషియము 1090 డిగ్రీలకే మరగి ఆవిరియగును. 1400 డిగ్రీల ఇనుములో ఊరక వేసినచో తెల్లని మంటతో ప్రేలును. అందుచేత దానిని రాగితో కలిపి వేసెను. ఈ ప్రయోగములు బూడిద ఇనుమునకు విస్తరించినప్పుడు గ్రాఫైటు రేకులుగాక గుండ్రని గింజలుగా కనబడెను. ఇంతలో ఇంగ్లండులో హెన్టన్ మారో సీరియము అను ధాతువుతో అట్టి ఫలితమునే సాధించెను. 1948లో ఫిలడెల్ఫియాలో జరిగిన పోతశాలలవారి మహాసభలో మారో ప్రసంగము చదువగా, అమెరికావారు లేచి తాము మెగ్నీషియముతో ఇదే సాధించితిమని ప్రకటించిరి.

కావలసిన మెగ్నీషియము ఎంత? గట్టిపడిన ఇనుములో నూటికి 0.04 పాళ్లు, అనగా టన్నుకు 400 గ్రాములు, మిగిలియున్న చాలును. 0.03 కంటె బాగా తగ్గినచో రేకులు మరల తల యెత్తును. మోతాదు మించినచో కార్బైడు పుట్టును, గుల్లలు అధికమగును. ఇనుములోని గంధకము, ఆమ్లజని గ్రాఫైటు అంచుల నాశ్రయించి దానిని రేకులుగా సాగదీయునని, మెగ్నీషియము వానిని తొలగించుటవలన గ్రాఫైటు అన్నివైపులకు సమముగా పెరిగి గుండ్రనగునని శాస్త్రజ్ఞులు వివరింతురు. కాబట్టి మొదట గంధకమును తగ్గించుకొనవలెను. లేనిచో మెగ్నీషియమంతయు దానితో పోరాడుటకే చెల్లిపోవును. బూడిద ఇనుమునకు కొనితెచ్చి కలిపిన గంధకమే ఇక్కడ పరమశత్రువు! ఇట్లు తయారైన ఇనుములో కొన్ని రకములు తెగకముందు తమ పొడవులో నూటికి 18 పాళ్లవరకు సాగును. రేకుల ఇనుము ఒక పాలైనను సాగదు.

మన వీధులలో త్రాగునీరు తెచ్చు గొట్టములు అనేకము నేడు ఈ గుండ్రని గ్రాఫైటు ఇనుముతో చేసినవే. శ్రీకాళహస్తి సమీపమున కూడ ఇట్టివి తయారగుచున్నవి. ఈ గొట్టములను నీటితో చల్లబరచిన లోహపు అచ్చును గిరగిర త్రిప్పుచు, అందులో ఇనుము పోసి చేయుదురు. లోహపు అచ్చు వేడిని తటాలున లాగివేయును గనుక, ఎంత సిలికాన్ ఉన్నను గొట్టము చాలవరకు తెల్లగనే గట్టిపడును. తరువాత పొడవైన కొలిమిలో మరల కాల్చగా కార్బైడు కరగి, గ్రాఫైటు గింజలు మిగులును. పురాతన చైనావారి దిద్దుబాటు దినములతరబడి సాగెడిది. సిలికాన్ పుణ్యమా యని ఇక్కడ నిమిషములలో ముగియును.

ఇప్పుడు పాత ఇనుము సంగతి. చిన్న పోతశాలలు కరగించునది చాలవరకు పాత సామానే. ఆ కుప్పలో ఏమేమి ఉన్నదో ఎవరు చెప్పగలరు? సీసము కలిసిన ఉక్కు, సీసపు రంగు పూసిన కమ్ములు, పాత బేరింగుల లోపలి పొర, ఇవి కొలిమిలో పడినచో సీసము ఇనుములో చేరును. లక్ష పాళ్లలో ఐదారు పాళ్లు సీసము చాలును. గ్రాఫైటు రేకుల ప్రక్కలనుండి ముండ్లవంటి మొలకలు లేచి ఇనుము బలమును బాగుగా తగ్గించును. గుండ్రని గ్రాఫైటును కూడ సీసము, టైటానియము, బిస్మతు చెరచును. సీరియము కొంచెము వేసినచో వాని దుష్ప్రభావము అణగును. పంపు పెట్టెకాని, చక్రముకాని పనిలో నుండగా పగిలినప్పుడు, పోత పోసినవాని చేతివాటమును నిందించుట సులభము. కుప్పను ఏరించని యజమాని పేరు ఎవరును ఎత్తరు. పాత ఇనుమును ఏరు కూలీకి ఇచ్చు నాలుగు రూపాయలను పొదుపు చేయుట పొదుపు కాదని నా దృఢాభిప్రాయము.

విషముకూడ వైద్యుని చేతిలో మందగును. టెల్యూరియము అను ధాతువు ఇనుమును తెల్లబరచుటలో అతి తీవ్రమైనది, లేశమాత్రము చాలును. దానిని ఇసుకతో చేసిన చిన్న గిన్నెలోపల పూసి, ఉష్ణమాపకపు తీగ అమర్చి, గరిటెడు ఇనుము పోయుదురు. అందులో ఇనుము తప్పక తెల్లగనే గట్టిపడును. ఏ వాకిలిలో దూరునో యను సందేహము ఉండదు. చల్లబడుచున్నప్పుడు వేడి ఏయే మెట్లవద్ద ఆగినదో చూచి, కర్బన తుల్యాంకమును, కర్బనమును, సిలికానును రెండు మూడు నిమిషములలో లెక్కగట్టుదురు.

ఆ యంత్రము కొనలేని పోతశాలకు సీల పరీక్ష ఉన్నది. ఒక అంచు కత్తివలె పలుచగాను, రెండవ అంచు మందముగాను ఉండు చిన్న సీలను ఇసుక అచ్చులో పోసి, గట్టిపడగానే పటకారుతో తీసి నీటిలో చల్లార్చి, సుత్తెతో విరుగగొట్టి చూతురు. పలుచని అంచునుండి తెలుపు ఎన్ని మిల్లీమీటర్లు వ్యాపించి ఆగినదో కొలుతురు. పోయబోవు వస్తువు మందమునకు ఆ తెలుపు ఎంతవరకు తగునో అనుభవముపై తెలియును. ఎక్కువైనచో గరిటెలో మరికొంత ఫెర్రోసిలికాన్ చల్లుదురు. తెలుపు బొత్తిగా లేనిచో, మందమైన వస్తువులలో గ్రాఫైటు బలిసి ఇనుము బలహీనమగును. అప్పుడు తరువాతి కొలిమిలో ఉక్కు ముక్కలపాలు పెంచి కర్బనమును తగ్గింతురు. సీల పోసి విరుచుటకు కొలది నిమిషములు పట్టును. ఈలోగా కొలిమి ఇనుమును ఆపి యుంచుదురు, ఎందుకనగా గరిటెలోనికి దింపి తోడు వేసిన తరువాత పది నిమిషములకు మించి వ్యవధి లేదు.